అల్లుడిగారి రివాల్వరు
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళివచ్చిన ప్రతివారూ ఈ వేదిక మీద నయాగరా గురించి, అక్కడి రోడ్ల గురించి చెప్పినవారే. నేను ఆ రెండూ చెప్పను. నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారితో ముందే అన్నాను, "నేను చెప్పేది రివాల్వర్ల గురించి, మీకు అభ్యంతరం లేకపోతేనే" అని. ఆయన రెండు నిమిషాలు మాట్లాడలేదు. తరువాత "మన పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు కదండీ, చెప్పండి" అన్నారు. అందుకని ధైర్యం చేసి నిలబడ్డాను.

నా సర్వీసు మీలో పాతవారికి తెలుసు. 1973లో కలెక్టరాఫీసులో ఎల్.డి.సి.గా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. అందులో పదకొండేళ్ళు మెజిస్టీరియల్ సెక్షన్‌లో ఆయుధ లైసెన్సుల సీటు నాది. ఎస్.బి.బి.ఎల్., డి.బి.బి.ఎల్., ఎమ్.ఎల్. అని రిజిస్టరులో ఎన్ని వేలసార్లు రాశానో లెక్కలేదు. ఒంటిగొట్టం, జంటగొట్టం, నాటు తుపాకీ అన్నమాట. పంట కాపాడుకోవడానికి అడవిపందుల కోసం తీసుకున్నవే ఎక్కువ. రివాల్వర్లు తక్కువ, ఉన్నవన్నీ దాదాపు .32 బోరువే. కాన్పూరు ఆయుధ కర్మాగారం వారు చేసేది ఆ బోరే. సైన్యం, పోలీసు వాడే బోర్లు ప్రొహిబిటెడ్ బోరు కింద పోయేవి, వాటి అధికారం కేంద్ర హోం శాఖది, మన దగ్గర ఆ ఫైలు కదిలేదే కాదు. ఇన్నేళ్ళు రాశానే గాని ఒక్క రివాల్వరును కూడా దగ్గరగా చూసి ఎరుగను. పెళ్ళిళ్ళ రిజిస్టరు రాసే గుమాస్తా బ్రహ్మచారి అయినట్టు!

2022లో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాం. వాళ్ళుండేది అలాస్కాలో, యాంకరేజి ఊళ్ళో. మే నెలలో వెళ్ళి అక్టోబరులో వచ్చాం. జూన్ నెలలో అక్కడ పగలు పంతొమ్మిది గంటలు. రాత్రి పదకొండింటికి కూడా కిటికీలో వెలుతురు ఉంటే మా ఆవిడకు సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలో తెలిసేది కాదు. అల్లుడిగారికి చేపలు పట్టే సరదా. సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఏటికి ఎదురీదుకుంటూ వచ్చే కాలంలో కీనాయ్ నది, రష్యన్ నది ఒడ్డున మనుషులు బారులు తీరి నిలబడతారు. ఆ చేపల కోసమే ఎలుగుబంట్లూ వస్తాయి. మన శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లోకి వచ్చే ఎలుగుకే జనం వణికిపోతారు. అక్కడి గోధుమరంగు ఎలుగు దానికి తాతలాంటిది, మగది మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది. అందుకని ఏటి ఒడ్డుకు వెళ్ళేవాళ్ళు నడుముకో రొమ్ముకో పెద్ద బోరు రివాల్వరు కట్టుకుంటారు. అల్లుడిగారి దగ్గర ఉన్నది .44 మాగ్నమ్, స్టెయిన్‌లెస్ స్టీలుది, ఆరు గుళ్ళది.

ఇక్కడ ఒక్కమాట. విజిటర్ వీసా మీద వెళ్ళిన మనలాంటివాళ్ళు అక్కడ తుపాకీ గాని, తూటా గాని తమ వశంలో ఉంచుకోకూడదు. 1998 నుంచి అక్కడి కేంద్ర చట్టం అది. హెచ్-1 మీద ఉన్న పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. వేట లైసెన్సు ఉన్నవారికి వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారి సంగతి వేరు, మా అల్లుడిగారు ఆ కోవలోకి వస్తారు. పిల్లల స్నేహితులెవరో సరదాగా రేంజికి తీసుకెళ్ళి, "అంకుల్, ఒకసారి కాల్చి చూడండి" అంటే, చేయి చాపేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను ఆరు నెలల్లో ఆ వస్తువు మీద వేలు వేయలేదు. ఎదురుగా కుర్చీ వేసుకుని చూశాను, దాంతో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. జీవోలు చదివిన కళ్ళకు అదో లెక్కా!

బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళంలో ఎన్నో వంతు అన్నది. .44 అంటే అంగుళంలో నూటికి నలభై నాలుగు వంతులు అనుకుంటాం. కొలిస్తే గుండు .429 ఉంటుంది. .38 స్పెషల్ అనేదాని గుండు .357 మాత్రమే. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, సర్వీసు రిజిస్టరులో పేరు ఇంకొకటి ఉన్నట్టే. గుండు బరువు గ్రెయిన్లలో చెప్తారు. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, తెల్లవాళ్ళు కట్టిన లెక్కే. ఆ లెక్కన కాన్పూరు .32లో వాడే 98 గ్రెయిన్ల గుండు అరతులం కంటే కాస్త ఎక్కువ. .357 మాగ్నమ్‌లో సాధారణంగా వాడే 158 గ్రెయిన్ల గుండు తులానికి తక్కువ. .44 మాగ్నమ్‌ది 240 గ్రెయిన్లు, తులంమీద మూడోవంతు. ఎలుగుల కోసం ఇంకా బరువైనవి, 300 గ్రెయిన్లవి కూడా వేస్తారు.

ఈ మాగ్నమ్‌ల వంశవృక్షం అల్లుడిగారు చెప్పారు, నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. .357 మాగ్నమ్ 1935లో వచ్చింది. .44 మాగ్నమ్ 1955లో. అప్పటికే ఉన్న .44 స్పెషల్ అనే 1907 నాటి తూటాలో మందు పెంచి పెంచి చూసిన ఎల్మర్ కీత్ అనే పశువుల కాపరి రచయిత పోరు పడలేక స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కంపెనీలు దాన్ని తెచ్చాయట. 1971లో డర్టీ హ్యారీ సినిమా వచ్చాక అందరికీ అదే కావాలి. ఆ పైన .454 కసుల్, 2003లో .500 మాగ్నమ్. ఈ .500 రివాల్వరు పొడుగు గొట్టంతో రెండు కిలోలు దాటుతుంది. రెండు కిలోల సొరకాయను ఒంటిచేత్తో చాచి పట్టుకోవడం ఎంత కష్టమో ఇంట్లో ఆడవాళ్ళనడగండి.

అల్లుడిగారి ఆఫీసులో ఒకాయన, ".44 ఏం చాలుతుంది, .454 కొను" అని వారం వారం పోరు పెడుతున్నాడు. .454 బలం .44కు రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. .44దేమో .357కు దాదాపు రెట్టింపు. కాగితం మీద చూస్తే పెద్దదే మంచిదనిపిస్తుంది. ఒక శనివారం ఆ ఆఫీసాయనే తన .454 తీసుకుని రేంజికి రమ్మన్నాడు. నేనూ వెళ్ళాను, చెవులకు డిప్పలు పెట్టుకుని గీత వెనకాల కూర్చున్నాను. డిప్పలున్నా ప్రతి దెబ్బకూ పళ్ళు కలుక్కుమన్నాయి. డిప్పలు లేకుండా ఒక్కసారి విన్నా వినికిడి పోయే ప్రమాదం ఉంది, మన వయసులో పోవడానికి మిగిలిందే కొంచెం!

అల్లుడిగారు .454తో మొదటి గుండు కొట్టారు, కాగితం మధ్యలో తగిలింది. రెండోది అంచున. మూడోది కాగితానికే తగలలేదు. నాలుగోసారి మీట నొక్కకముందే ఆయన కళ్ళు మూసుకోవడం నేను వెనకనుంచి కనిపెట్టాను. చేతికి దెబ్బ తగులుతుందని ఒళ్ళు ముందే జంకుతుంది, గురి కిందికి పోతుంది. తరువాత తన .44తో ఆరు కొడితే అయిదు అరచేతంత మేరలో పడ్డాయి. మా అమ్మాయి కూడా కొట్టింది, దాంట్లోనే .44 స్పెషల్ తూటాలు వేసుకుని. .44 మాగ్నమ్ రివాల్వరులో స్పెషల్ వేయవచ్చు, మందు తక్కువ, దెబ్బ తక్కువ. .357లో .38 స్పెషల్, .454లో .45 కోల్ట్ కూడా అలాగే పడతాయి. తిరగేసి మాత్రం వేయకూడదు, చిన్నదానికోసం చేసిన దాంట్లో పెద్ద తూటా వేయకూడదు. పెద్దది కొనుక్కుని చిన్నదానితో అభ్యాసం చేసుకునే ఈ సౌకర్యం వల్లనే అక్కడ ఎక్కువమంది .44 దగ్గర ఆగుతారని నాకనిపించింది. కారులో తిరిగొస్తూ అల్లుడిగారు .454 ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ మాటకొస్తే మా అమ్మాయి పట్టుదలతో ఆయన ఎలుగుల కారం డబ్బా కూడా నడుముకు కట్టుకుంటారు. మిరపకారం సారం నింపిన స్ప్రే. టామ్ స్మిత్ మొదలైనవారు అలాస్కా సంఘటనలన్నీ పోగుచేసి 2008లో అచ్చువేసిన పరిశోధనలో గోధుమరంగు ఎలుగుల మీద అది నూటికి 92 సార్లు పనిచేసిందని తేల్చారు. గుంటూరు మిరపకాయ తిన్నవాళ్ళం, మనం నమ్మడానికి అభ్యంతరమేముంది! అదీగాక ఎలుగును ఆత్మరక్షణకు చంపినా ఊరికే వదలరు. చర్మం గోళ్ళతో సహా ఒలిచి, పుర్రెతో కలిపి సర్కారుకు అప్పజెప్పాలి, పదిహేను రోజుల్లో ఫారం నింపి ఇవ్వాలి. అక్కడా ఫారం ఉందని విన్నాక నాకు ఆ రాష్ట్రం మీద గౌరవం పెరిగింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ శనివారం ఇద్దరూ కలిసి వందదాకా స్పెషల్ తూటాలు కాల్చారు, సీసం గుండ్లవి. ఇంటికొచ్చేసరికి పొద్దుపోయింది. "స్టెయిన్‌లెస్సే కదా మామయ్యగారూ, దానికేమవుతుంది, రేపు చూద్దాం" అని రివాల్వరును ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. తెల్లవారి అయిదింటికి చేపలకు ప్రయాణం. వంటింటి పక్క భోజనాల బల్ల మీద కూర్చుని మాగ్నమ్ తూటాలు నింపుతున్నారు. నాలుగు గదుల్లో జారిపోయాయి. రెండు మాత్రం గోరంత పైకి నిలిచిపోయాయి. సిలిండరు మూసుకోవడంలేదు. బొటనవేలితో అదిమారు, కదల్లేదు, వెనక్కి లాగినా రాలేదు. అప్పుడాయన లేచి సొరుగులోంచి కర్రసుత్తి తీశారు. ఆరేళ్ళ మనవరాలు పాలగ్లాసుతో ఆ పక్కనే నిలబడి ఉంది.

"అల్లుడుగారూ, ఆగండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో ఏ అధికారి ఎదుటా అంత గట్టిగా మాట్లాడలేదు. ఆయన చేయి ఆగింది. తూటా వెనకభాగం నడిమధ్యన ఉండే చిన్న బొట్టే దాని ప్రాణం, దెబ్బ తగిలితే పేలేది అక్కడే. సుత్తి దాని మీద పడనక్కరలేదు, పక్కన జారినా చాలు. మా ఆవిడ పాపను తీసుకుని మేడమీదకి వెళ్ళిపోయింది.

కారణం ఆ ముందురోజే రేంజిలో ఒక ముసలాయన చెప్పగా విన్నాను. స్పెషల్ తూటా కేసు మాగ్నమ్ కేసుకంటే అంగుళంలో ఎనిమిదోవంతు పొట్టి. స్పెషల్ పేలినప్పుడల్లా ఆ పొట్టి మూతి దగ్గర, గది గోడలమీద మసి, సీసం, మైనం కలిసి ఉంగరంలా పేరుకుంటుంది. వంద కాలిస్తే గట్టి ఉంగరమే. తరువాత పొడుగు తూటా వేస్తే దాని మూతి ఆ ఉంగరంలో ఇరుక్కుంటుంది. బలవంతంగా దూర్చి కాల్చినా ప్రమాదమే, కేసు మూతి విచ్చుకునే చోటు తగ్గి లోపలి ఒత్తిడి పెరగవచ్చు. "స్పెషల్ కాల్చావా, బ్రష్ వేసి గాని మాగ్నమ్ వేయకు" అన్నాడాయన. అల్లుడిగారు అప్పుడు ఫోనులో ఉన్నారు.

గరాజిలోకి తీసుకెళ్ళమన్నాను. గొట్టం మనుషులు లేనివైపు తిప్పి, సిలిండరు తెరిచే ఉంచి, ముందువైపు కడ్డీని అరచేత్తో నిదానంగా అదిమారు. కడ్డీ అదిమితే వెనకవైపు నక్షత్రంలాంటి బిళ్ళ లేచి తూటాలను అంచు పట్టి పైకెత్తుతుంది. మొదట రాలేదు. రెండోసారి ఒంటిబరువు వేసి అదిమితే ఆరూ వచ్చాయి. కొట్టుడు లేదు, పొడుచుడు లేదు. తూటాలు లెక్కబెట్టి ఇంటిలోపల వేరేచోట పెట్టించాను. అప్పుడు శుభ్రం చేయడం మొదలు.

కంచు కుచ్చులున్న బ్రష్షు, బోరు కొలతకు సరిపోయేది, మందుద్రావకంలో ముంచి ఆరు గదుల్లోనూ తిప్పాలి. ముందు పావుగంట నానబెడితే ఉంగరం మెత్తబడుతుంది. ఇనుప పీచుతో తోమితే ఇనుపరజను ఆ స్టీలులో కూరుకుని తుప్పు పడుతుంది. మన గిన్నెలు తోమే రాగిరంగు పీచు కొందరు బ్రష్షుకు చుట్టి గొట్టంలో అంటిన సీసం తీస్తారు, పని బాగానే చేస్తుంది. అయితే అది నిజం రాగి కావాలి. అయస్కాంతం పెట్టి చూడమన్నాను. అల్లుడిగారు కొన్న పొట్లం టక్కున అంటుకుంది, లోపల ఇనుమే, పైన పూత. పారేశారు.

గొట్టాన్ని ముందువైపు నుంచే తుడవాలి, రివాల్వరులో వెనకనుంచి దారి ఉండదు. ఆ కడ్డీ గొట్టం మూతి అంచును ఒరుసుకోకుండా జాగ్రత్తపడాలి, గురి అంతా ఆ అంచు మీదే ఉంది. గొట్టం సిలిండరును కలిసేచోట సీసం ఎక్కువగా పేరుకుంటుంది. నక్షత్రం బిళ్ళ కిందకూడా చూడాలి. కాలని మందుపలుకు ఒక్కటి అక్కడ చేరినా సిలిండరు తిరగనని మొరాయిస్తుంది. అందుకే ఖాళీ కేసులు దులిపేటప్పుడు గొట్టం ఆకాశంవైపు పెట్టి ఒక్క ఊపున దులపమంటారు. సిలిండరు ముందుముఖం మీద నల్లటి వలయాలు ఉంటాయి, వాటికోసం గంటలు గంటలు రుద్దడం అనవసరం, చూపుకే గాని పనికి అడ్డం కాదు. చివరికి పొడిగుడ్డ, ఆ పైన పలచగా నూనెచేయి. గదుల్లో మాత్రం నూనె మిగలకూడదు, అది తూటా బొట్టులోకి చేరితే అవసరానికి పేలదు.

"స్టెయిన్‌లెస్సే కదా" అన్నమాటకు నేను ఆయనకు మన వంటిల్లే చూపించాను. మన పళ్ళాలు, గ్లాసుల స్టీలులో నూటికి పద్దెనిమిది పాళ్ళు క్రోమియం, ఎనిమిది నికెలు. రివాల్వరుకు వాడేది కత్తికి వాడే జాతి, గట్టిపడాలి కనుక క్రోమియం పన్నెండు, పదమూడు దగ్గరే ఉంటుంది. కూరగాయల కత్తి ఉప్పునీళ్ళలో రాత్రంతా పడుంటే తెల్లారేసరికి చుక్కలు పడడం చూడలేదా? 1965లో మొదటి స్టెయిన్‌లెస్ రివాల్వరు వచ్చింది చెమటకూ తడికీ ఓర్చుకుంటుందని. ఓర్చుకుంటుంది, అంతే. లోపలి భాగాలు కొన్ని మామూలు ఉక్కువి కూడా ఉంటాయి. నా సీటులో ఉండగా ఒక ఆసామి ఎన్నికల వేళ డిపాజిట్ చేసి తెచ్చుకున్న రివాల్వరును తోలుసంచీలోనే బీరువాలో రెండేళ్ళు ఉంచాడు. తోలు తేమ పీలుస్తుంది, తోలు పదునుచేసిన ఉప్పులు దాంట్లో ఉంటాయి. రెన్యూవలు తనిఖీకి తెచ్చేసరికి గొట్టం మీద మశూచి మచ్చల్లా గుంటలు. నంబరు చదవడానికి ఆయనకు భూతద్దం కావలసివచ్చింది. వాడేటప్పుడే తోలుసంచీ, ఇంటికొచ్చాక బయటికి తీసి ఆరనివ్వాలి.

ఇక మా ఆవిడ మాట. పని అయ్యాక అల్లుడిగారు చేతులు తుడుచుకుని ఇడ్లీ పళ్ళెం దగ్గర కూర్చోబోతే ఆవిడ అడ్డం వచ్చింది. "ఆ బల్లమీద పెట్టిన వస్తువేదో ముందు చెప్పండి. నా మనవరాలు అక్కడే కదా అన్నం తినేది?" అంది. ఆవిడకు రసాయనశాస్త్రం తెలియదు గాని సరిగ్గా అక్కడే పట్టుకుంది. గుండులో సీసం, మసిలో సీసం, తూటా బొట్టులోని మందులోనూ సీసమే. పిల్లల రక్తంలో ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దు సీసానికి లేదని అక్కడి వైద్యశాఖవారే అంటున్నారు. అది పెరిగే మెదడును దెబ్బతీస్తుంది. ఆ రోజునుంచి తుడిచే పనంతా గరాజిలోనే, తలుపు తెరిచి. గుడ్డముక్కలు వేరే సంచీలో. సబ్బు, చన్నీళ్ళతో చేతులు, ముఖం కడుక్కుని, రేంజిలో వేసుకున్న చొక్కా విడిచి గాని పాపను ఎత్తుకోకూడదు. భోజనాల బల్లను ఆవిడ మూడుసార్లు తుడిచింది. ఆరోజు ప్రయాణం రెండు గంటలు ఆలస్యమైంది, అల్లుడిగారు ఒక్క చేప కూడా తేలేదు, కారణం నేనేనని ఇప్పటికీ నవ్వుతూ అంటారు.

మరొకటి మన ఇళ్ళ సంగతి. మన మిత్రులెవరైనా లైసెన్సుదారు పోతే ఆ ఆయుధాన్ని బీరువాలో పెట్టి పూజ చేయకండి. ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషనులో గాని లైసెన్సున్న డీలరు దగ్గర గాని డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి, వారసులు లైసెన్సుకు పెట్టుకోవడం ఆ తరువాతి పని. 2019 సవరణతో ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి కుదరదు. ఈ విషయంలో ఎవరికైనా కాగితం రాసిపెట్టాలంటే నేను ఇంకా రాయగలను, చేయి కొంచెం వణుకుతుంది అంతే.

మొన్న అమ్మాయి ఫోను చేసింది. వారమంతా వానట. అల్లుడిగారు నాలుగు సాల్మన్లు తెచ్చారట, ఏటి అవతల ఒడ్డున తల్లి ఎలుగు, రెండు పిల్లలు కనబడితే చేపలు వదిలేసి వెనక్కి నడుచుకుంటూ వచ్చేశారట. రివాల్వరు సంచీలోంచి తీయలేదు, కారం డబ్బా మూత తీయలేదు. "అయినా రాత్రి గరాజిలో కూర్చుని తుడుస్తున్నారు నాన్నా, తడిసింది కదా" అంది. పాప ఫోను లాక్కుని, "తాతయ్యా, నేను మెట్లమీదే ఉన్నాను, లోపలికి వెళ్ళలేదు" అంది.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే టీ అయ్యాక అడగండి. సెలవు.